ఉత్తరం మీది బల్లి

పొద్దున చట్నీలో ఉప్పెక్కువైందని ఎవరూ అనలేదు, ఎక్కువైన మాట నిజం, మొదటి ముక్క నోట్లో పెట్టుకోగానే నాకే తెలిసింది, దోసె తుంచుతూ ఆ మాట కోసం ఎదురుచూశాను కూడా, ఏమే వల్సలా సముద్రపు నీళ్ళు పోసి నూరావా అని రావాలి, రాలేదు, మా ఆయన అక్క కార్తు చేచి తల వంచుకుని రెండు దోసెలూ తినేసి, పళ్ళెం తనే కడిగి బోర్లించి, కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ లోపలికి వెళ్ళింది, భార్గవేట్టన్ నా మొహంలోకి చూశారు, నేను ఆయన మొహంలోకి చూడలేదు, మొగుడూ పెళ్ళాల మధ్య ఇన్నేళ్ళ తర్వాత చూడకపోవడం కూడా ఒక సమాధానమే, గుమ్మం పక్కన చేచి బట్టల సంచి నిలబెట్టి ఉంది, దాని మీద అడ్డంగా గొడుగు, మధ్యాహ్నం బస్సుకు పాలక్కాడు, తన కూతురు శ్రీకళ దగ్గరికి, వెళ్ళొస్తాను అనలేదు, వెళ్తున్నాను అంది, ఆ ఒక్క మాట తేడా ఆయనకీ వినపడింది, నాకూ వినపడింది, నేను మాత్రం టిఫిన్ డబ్బా సర్దుకుని కాలేజీ బస్సుకు పరిగెత్తాను, సరే చేచీ అన్నాను కూడా, సరే అన్నది నోటి చివరి మాట, లోపల ఏమనుకున్నానో నాకే సరిగ్గా తెలియదు.

బోర్డు మీద అడ్డగీత గీసేటప్పుడూ ఆ సంచే కళ్ళముందుంది, అడ్డగీత అంటే దూలం, కింద రెండు చిన్న త్రికోణాలంటే ఆధారాలు, ఎడమది A, కుడిది B, పైనుంచి కిందికి ఒక బాణం, పన్నెండు కిలోన్యూటన్ల బరువు, ఇంత దూరం అంత దూరం అని కొలతలు వేసి, ఒక్కో ఆధారం ఎంత మోస్తోందో కనుక్కోండి అని చెప్పి కిటికీ దగ్గరికి వచ్చేశాను, నిన్న నేర్పిన లెక్కే, పాలిటెక్నిక్‌లో చేరిన ప్రతి బ్యాచికీ మొదట చెప్పేది ఇదే, నా చెయ్యి దానంతటది గీసేస్తుంది, బుర్ర అక్కర్లేదు, బయట వాన నిదానంగా పడుతోంది, సైకిల్ షెడ్డు రేకుల మీద చప్పుడు, కొబ్బరాకులు నీళ్ళు విదుల్చుకుంటున్నాయి, లోపల పెన్సిళ్ళ గరగర, ఈ నిశ్శబ్దం నాకిష్టం, ఎప్పుడూ చెప్పే రెండు మాటలే మళ్ళీ చెప్పాను, దూలం పడిపోలేదు కదా, అంటే కిందికి నొక్కేదంతా పైకి ఎవరో మోస్తున్నారు, దూలం తిరగడం లేదు కదా, అంటే ఇటు తిప్పేదీ అటు తిప్పేదీ చెల్లుకు చెల్లు, అంతే, ఈ రెండూ గట్టిగా పట్టుకుంటే గోడలో దాక్కున్న ఆధారం ఎంత మోస్తోందో కూడా కాగితం మీద బయటపడుతుంది, ముందు బల్లలో అబిన్ లేచి ఏటా ఎవడో ఒకడు వేసే జోకే వేశాడు, టీచరే, ఈ ఉత్తరానికి ఉత్తరం ఎంత రావాలి అని, మా మలయాళంలో ఇంటి దూలమూ ఉత్తరమే, జవాబూ ఉత్తరమే, ఏటా నవ్వుతాను, ఈసారి నవ్వు రాలేదు, ఉత్తరం అనే మాట చెవిన పడగానే నిన్న సాయంత్రం మా ముందుగదిలో దూలాన్ని కరుచుకుని ఉన్న బల్లి గుర్తొచ్చింది.

నిన్న తడిసి ముద్దై ఇంటికి చేరాను, శనివారాలు కూడా స్పెషల్ క్లాసు తీసుకుంటానని ప్రిన్సిపాల్‌కి మాటిచ్చి వచ్చాను, అడిగింది అందరినీ, ఒప్పుకున్నది నేనొక్కదాన్నే, వచ్చీ రాగానే భార్గవేట్టన్ కాలికి తైలం వేడిచేయాలి, పక్షవాతం వచ్చినప్పట్నించీ ఆ కుడికాలు సాయంత్రమయ్యేసరికి కొయ్యబారుతుంది, గంజికి బియ్యం కడగాలి, ఉతికిన బట్టలు ఆరక కంపు కొడుతున్నాయి, ఆ విసుగులో అనేశాను, ఈ ఇల్లు నా భుజాల మీద నిలబడింది, నేనొక్క రోజు కూర్చుంటే కూలిపోతుంది అని, ఎవరినీ ఉద్దేశించి కాదు, గోడలకు చెప్పినట్టే చెప్పాను, చేచి నేలమీద కూర్చుని బొబ్బర్లు ఒలుస్తోంది, చేతిలో కాయ పక్కన పెట్టి తాపీగా తలెత్తి పైకి చూసింది, అదిగో వల్సలా, అదీ అదే అంటోంది, తను వదిలేస్తే ఉత్తరం ఊడి మన నెత్తిన పడుతుందట, పాపం పొద్దుట్నించీ పట్టుకునే ఉంది, మెతుకు కూడా ముట్టలేదు అంది, నిజంగానే అక్కడో బల్లి, తోక కూడా కదపకుండా, దూలాన్ని మోస్తున్నానని నమ్మే బల్లి సామెత మా దగ్గర పాలు తాగే పిల్లలకూ తెలుసు, అది వేరే సంగతి, దానికి భార్గవేట్టన్ నవ్వారు, జబ్బు చేసినప్పట్నించీ ఆయన నవ్వు ఒక పక్కకే వచ్చేది, నిన్న నోరంతా వచ్చింది, ఎన్నాళ్ళుగానో నేను చూడాలనుకున్న నవ్వు నన్ను చూసి నవ్వడంలో వచ్చింది, అది పుండు మీద కారం, అప్పుడే నోరు జారింది, అయితే ఈ బల్లి కొంపలో మీకెందుకు చేచీ, శ్రీకళది స్లాబు ఇల్లు, ఉత్తరాలూ ఉండవు బల్లులూ ఉండవు, హాయిగా ఉండొచ్చు అన్నాను, పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు, పృథివి దాకా ఎందుకు, గది దాటేసరికే మాట చేరాల్సిన చోటికి చేరింది, చేచి మిగిలిన బొబ్బర్లన్నీ ఒలిచి, తొక్కలు ఊడ్చి, అప్పుడు లేచి వెళ్ళి శ్రీకళకు ఫోన్ చేసింది.

పోనీ, వెళ్తే వెళ్ళనీ, నాకేమన్నా నష్టమా, ప్రశాంతంగా ఆలోచిస్తే ఒక మనిషి తగ్గితే ఒక కంచం తగ్గుతుంది, ఒక బకెట్టు బట్టలు తగ్గుతాయి, అన్నిటికన్నా ఆ నోరు తగ్గుతుంది, చెవిలో జోరీగ, తమ్ముడికి బాగోలేదని పది రోజులుండి పోదామని వచ్చిన మనిషి ఇంట్లో కొయ్యలా పాతుకుంది, పనిలో చెయ్యి వేయదని అనను, వేస్తుంది, కానీ ప్రతిదానికీ నన్ను వెనక్కి లాగడమే, పిల్లల కాగితాలు దిద్దుతుంటే వచ్చి ట్యూబులైటు తీసేస్తుంది, చీకట్లో అందరికీ సున్నాలే కనపడతాయి, పడుకో అంటుంది, ఒక ఆదివారం పరీక్ష డ్యూటీకి బయల్దేరితే హ్యాండ్‌బ్యాగు కనపడలేదు, ఇల్లంతా వెతికి వెతికి బస్సు పోయింది, ఆ కోపంలో అలాగే మంచం మీద వాలి మధ్యాహ్నం దాకా నిద్రపోయాను, లేచేసరికి బ్యాగు బియ్యప్పెట్టె వెనకాల నవ్వుతూ ఉంది, ఎవరు పెట్టారని అడిగితే పిల్లి అంది, మా ఇంట్లో పిల్లి లేదు, కొట్టాయంలో మంచి వైద్యుడున్నాడని ఎవరో చెబితే అప్పటికప్పుడు ఆయన్ని కారులో వేసుకుని బయల్దేరబోయాను, వాడి కాలు నీకేమన్నా పోగొట్టుకున్న గొడుగా, ఊరూరా తిరిగి వెతకడానికి, ఉన్న వైద్యం ముందు సరిగ్గా చేయించు అని గుమ్మానికి అడ్డంగా కూర్చుంది, చంకలోది జారకూడదు, ఉత్తరం మీదిది అందాలి, ఇదీ నీ బతుకు అంటుంది రోజుకు రెండుసార్లు, నేను పైకి చెయ్యి చాచిన ప్రతిసారీ కొంగు పట్టుకుని కిందికి లాగే మనిషి, అలాంటి మనిషి లేకపోతే నా భుజం తేలికవుతుందే తప్ప బరువెక్కదు కదా, ఇది పెద్ద లెక్క కాదు, ఒకటో తరగతి తీసివేత.

టీచరే అని సహ్ల పిలిచింది, నాలుగో బల్లలో కూర్చునే పిల్ల, ఎప్పుడూ మెల్లగా మాట్లాడుతుంది, మైనస్ వస్తోంది టీచరే అంది, ఎక్కడో కూడిక తప్పి ఉంటావు మోళే, మళ్ళీ చూడు అన్నాను కిటికీలోంచి తల తిప్పకుండానే, మూడుసార్లు చూశాను టీచరే, నాక్కూడా వచ్చింది, నాక్కూడా అని అటునుంచి ఇటునుంచి గొంతులు, అబిన్ మాత్రం ధీమాగా నాకు రాలేదు అన్నాడు, వాడి పుస్తకం చూస్తే B దగ్గర పద్దెనిమిది, A దగ్గర ఆరు, ఆరు ముందు రబ్బరుతో తుడిచిన మచ్చ, ఇదేమిట్రా అంటే, మైనస్ వచ్చింది టీచరే, మైనస్ బరువు మోయడమేంటి, బాగోలేదని తుడిచేశాను అన్నాడు, అయితే పైకి మోసేది పద్దెనిమిదీ ఆరూ ఇరవైనాలుగు, కిందికి నొక్కేది పన్నెండు, నీ దూలం ఈపాటికి ఆకాశంలో ఉంటుంది మోనే, విమానాల వాళ్ళకు చెప్పాలి అన్నాను, క్లాసంతా నవ్వింది, నేను నవ్వుతూనే బోర్డు వైపు తిరిగి అక్కడే ఆగిపోయాను, ఇది నేను ఇవ్వాలనుకున్న లెక్క కాదు, ఆరు మీటర్ల దూలం, రెండు చివర్లా రెండు ఆధారాలు, బరువు మధ్యలో నాలుగు మీటర్ల దగ్గర, ఇదీ నా మనసులో ఉన్నది, ఎనిమిదీ నాలుగూ వచ్చి హాయిగా అయిపోవాలి, నా చెయ్యి నాలుగునీ ఆరునీ తారుమారు చేసింది, ఆధారం B నాలుగు మీటర్ల దగ్గరికి జరిగిపోయింది, బరువేమో ఆధారం దాటి బయట, దూలం కొసన, గాలిలో వేలాడుతోంది, ఇలాంటివి వచ్చే వారం చెప్పాలి, ఇన్నేళ్ళలో ఎప్పుడూ జరగని పొరపాటు, తుడిచేద్దామని డస్టర్ తీశాను కూడా, పిల్లలందరూ చూస్తున్నారు, లెక్క వాళ్ళ తప్పు కాదని చెప్పాలి కదా, లెక్క సరైనదే, మైనస్ కూడా సరైనదే, తుడవకండి అన్నాను.

A దగ్గర నిలబడి చూడండి అని చెప్పసాగాను, మనం ఎక్కడ నిలబడితే అక్కడి బలం దూలాన్ని తిప్పలేదు, అది లెక్కలోంచి తప్పుకుంటుంది, కాబట్టి పన్నెండు ఆర్లు డెబ్బైరెండు ఇటు తిప్పుతోంది, అటు తిప్పేది B ఒక్కటే, నాలుగు మీటర్ల దూరంలో, అందుకని పద్దెనిమిది, పైకి పద్దెనిమిది వచ్చి బరువు పన్నెండే అయితే మిగిలిన ఆరూ ఎటు, కిందికి, మైనస్ అంటే తప్పు కాదు, బాణం మనం అనుకున్న దిక్కుకు లేదని, అంతే, A పైకి మోస్తోందనుకున్నాం, A కిందికి లాగుతోంది, సహ్ల ముఖం ముడిచి, మరి అది ఆధారమెట్లా అవుతుంది టీచరే, పైకి ఎత్తేది కదా ఆధారం, ఇది కిందికి లాగుతోందిగా అంది, అబిన్ అందుకుని, పాపం B ని చూడు, పన్నెండు మోయాల్సింది పద్దెనిమిది మోస్తోంది, ఆ A గాడి వల్లనే ఆరు ఎక్కువ, A ని పీకేస్తే B కి ఆరు తగ్గుతుంది కదా టీచరే అన్నాడు, చాలా మామూలుగా అన్నాడు, ఒకటో తరగతి తీసివేతలాగే అన్నాడు, ఇందాకటి నుంచి కిటికీ దగ్గర నేను వేసుకుంటున్న లెక్క పదిహేడేళ్ళ పిల్లాడి నోట్లోంచి వచ్చింది, పీకేసి చూద్దాం రండి అన్నాను.

బల్ల అంచున డస్టర్ పెట్టాను, దాని మీద బోర్డు స్కేలు, కొసన నిండు సుద్దముక్కల పెట్టె, సహ్లని పిలిచి ఈ చివర వేలు పెట్టమన్నాను, పెట్టింది, స్కేలు వాలకుండా అడ్డంగా నిలిచింది, ఏం చేస్తున్నావ్ అని అడిగితే ఏమీ లేదు టీచరే, ఊరికే వేలు ఆనించాను అంది, ఊరికేనా, బాగా చూసుకో, ఎత్తుతున్నావా నొక్కుతున్నావా, ఆ పిల్ల ఒక్క క్షణం వేలి వైపు చూసుకుని, నొక్కుతున్నాను టీచరే, లేకపోతే లేచిపోతుంది అంది, ఇప్పుడు తియ్యి అన్నాను, తీసింది, పెట్టె ధబ్బున కిందపడి సుద్దముక్కలు క్లాసంతా దొర్లాయి, స్కేలు ఎగిరి అబిన్ పక్కన పడింది, డస్టర్ మాత్రం ఉన్న చోటే ఉంది, దానికేమీ కాలేదు, దాని మీద ఇప్పుడు ఏ బరువూ లేదు, అబిన్ గొంతు తగ్గించి, బరువు తగ్గడం కాదు టీచరే, మొత్తం పోయింది అన్నాడు, పిల్లలు వంగి సుద్దముక్కలు ఏరుతున్నారు, నేను ఏరలేదు, డస్టర్‌నే చూస్తూ ఉండిపోయాను, ఇది ప్రతి ఏడూ చూసేదే, కానీ ఏ ఏడూ దాన్ని చూసి మా ఇల్లు గుర్తుకు రాలేదు.

ఆయన్ని ఆసుపత్రిలో చేర్చిన రోజు వరండాలో బెంచీ మీద కూర్చున్నాం, పెద్ద డాక్టరు బయటకొచ్చి ఇక కర్ర లేకుండా నడవలేరమ్మా అన్నాడు, నేను లేచాను, ఎక్కడికో తెలియదు, కొచ్చికో కోయంబత్తూరుకో, ఎవరి కాళ్ళో పట్టుకోవడానికి, చెప్పులు కూడా వేసుకోలేదు, వెనకనుంచి ఒక చెయ్యి నా భుజం మీద పడి బెంచీకి నొక్కేసింది, ఎంత బలంగా నొక్కిందంటే మర్నాటికి నొప్పి పెట్టింది, ముందు చాయ తాగు, తర్వాత ఏడుద్దువు, వాడెక్కడికీ పోడు, నువ్వే పోయేట్టున్నావ్, అదీ ఆ రోజు చేచి మాట, ఆ గాజుగ్లాసు వేడి ఇప్పటికీ అరచేతికి తెలుస్తోంది, ఇన్నాళ్ళూ దాన్ని నేను మోటుతనం ఖాతాలో వేసుకున్నాను, ట్యూబులైటు తీసేసిన రాత్రుళ్ళు నిద్రపోయాను కదా, ఆ ఆదివారం మంచం మీద ఒళ్ళెరగకుండా పడుకున్నాను కదా, అది ఎవరిచ్చిన నిద్ర, భార్గవేట్టన్‌ని బరువు అనడానికి నోరు రాదు, ఆయన జబ్బు అనాలి, ఆ జబ్బు ఇంటి కొసన వేలాడుతోంది, పాఠం చెప్పేదాన్ని, నాకు రెండే రెండు మాటలు కావాలి, ఇల్లు పడలేదు, ఇల్లు తిరగబడలేదు, మరి నేనొక్కదాన్నే ఆధారమైతే ఒక్క ఆధారం మీద కొసన బరువున్న దూలం నిలుస్తుందా, నిలవదు, ఏ పుస్తకంలోనూ నిలవదు, రెండోది ఎక్కడో ఉండి తీరాలి, దాని బాణం నేను అనుకున్న దిక్కుకు లేదు కాబట్టి అది నాకు కనపడలేదు, మైనస్ వచ్చిందని అబిన్ ఒక్క గీతనే తుడిచాడు, నేను ఒక మనిషిని తుడిచేసి సరే చేచీ అని వచ్చాను.

మీరు ఏరుతూ ఉండండి, ఇప్పుడే వస్తాను అని వరండాలోకి వచ్చి ఇంటికి ఫోన్ చేశాను, చాలాసేపు మోగి చేచే తీసింది, ఏమే, క్లాసులో లేవా, వాడు బాగానే ఉన్నాడు, కంగారు పడకు అంది, బస్సెక్కకండి చేచీ అన్నాను, అవతల కూడా వాన చప్పుడే, సంచి సర్దేశానే అంది, విప్పేయండి అన్నాను, నిన్న అన్నది నిజమనుకుని అనలేదు అని చెప్పబోయి ఆగాను, నిజమనుకునే అన్నాను, లెక్క తప్పు వేశాను చేచీ, నా తప్పే అన్నాను, ఏం లెక్కో ఏమో నాకు తెలియదు గానీ, నేనుంటే నోరు మూసుకుని ఉండను, అది నావల్ల కాదు, ముందే చెప్తున్నాను అంది, మూసుకోవద్దనే అంటున్నాను అన్నాను, అయితే శనివారం కూడా కాలేజీకి పోతానన్నావట, భార్గవన్ చెప్పాడు, పోనివ్వను అంది, ఎప్పటిలాగే మనసు చివుక్కుమంది, ఎప్పటిలాగే ఆవిడకేం తెలుసని ఒక మాట గొంతు దాకా వచ్చింది, సరే చేచీ అన్నాను, ఈసారి సరే అంటే సరే, ఫోన్ పెట్టేశాక కూడా కాసేపు అక్కడే గోడకు ఆనుకుని నిలబడ్డాను, నేను మోస్తున్న పద్దెనిమిదిలో ఆరు ఆవిడ వల్లనే, అది అబద్ధం కాదు, ఆవిడ ఉన్నన్నాళ్ళూ నా భుజం మీద ఆ ఆరూ ఉంటాయి, నొప్పి పెడతాయి, విసుక్కుంటూనే ఉంటాను, కానీ ఆ ఆరు లేని రోజు నేనెంత గట్టిగా నిలబడినా మోయడానికి నా మీద ఇల్లే ఉండదు.